మహిళల బాస్కెట్‌బాల్ రికార్డుల పుస్తకం రాసుకోవడం ఎలా

అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం ఏడు గంటల మ్యాచ్ అంటే మనకి తెల్లవారుజాము నాలుగున్నర. అమెరికా మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ నడిచే నెలల్లో, వారానికి రెండు రోజులైనా మా మారతహళ్ళి ఇంట్లో ఆ వేళకి లైటు వెలుగుతుంది. నేనూ మా అక్క కూతురూ సోఫాలో కూర్చుంటాం. మా మధ్య ఒక లాంగ్ నోట్‌బుక్కు, రెండు పెన్నులు. గుమ్మం ముందు పాలప్యాకెట్లు పడేసరికి రెండో క్వార్టర్ అయిపోవస్తుంది.

మాది మదనపల్లె. జూనియర్ కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడాను. పదహారేళ్ళుగా బెంగళూరులో ఒక ఆడిటర్ ఆఫీసులో ఖాతాలు చూస్తున్నాను. అయినా ఈ నోట్‌బుక్కు పెట్టాలన్న బుద్ధి నాకు పుట్టలేదు, పిల్లే పుట్టించింది. 2024 సెప్టెంబరులో మా అపార్ట్‌మెంట్ కోర్టు దగ్గర పిల్లలకి కెయిట్లిన్ క్లార్క్ గురించి చెబుతున్నాను. లీగ్‌లోకి వచ్చిన మొదటి ఏడాదే 769 పాయింట్లు, కొత్త అమ్మాయిల్లో ఇదే రికార్డు అని. మా అక్క కూతురు బంతి చంకలో పెట్టుకుని, "ఎన్ని మ్యాచుల్లో పిన్నీ?" అంది. 40 అన్నాను. "మరి పాత రికార్డు?" 2006లో సీమోన్ అగస్టస్ కొట్టిన 744 పాయింట్లు, 34 మ్యాచుల్లో. పిల్ల అక్కడే ఫోను తీసి భాగించింది. క్లార్క్‌ది మ్యాచ్‌కి 19.2. అగస్టస్‌ది 21.9.

రికార్డు క్లార్క్‌దే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ పాత అమ్మాయి ప్రతి మ్యాచ్‌కి రెండున్నర పాయింట్లకి పైనే ఎక్కువ కొట్టిందన్న మాట నా కథలో లేకుండా పోయింది. ఆ రాత్రే మొదటి పేజీ గీశాను. ఎలా గీశానో, ఎక్కడ తప్పులు పోయాయో చెబుతాను. మీ ఇంట్లో బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయి ఉంటే మీకూ పనికొస్తుంది.

ముందు పేజీలు విడగొట్టండి

పెన్ను పట్టేముందు చేయాల్సిన పని ఇది. ఒకే క్రీడాకారిణి పాయింట్లు నాలుగైదు చోట్ల ఉంటాయి: లీగ్ మ్యాచులు, ప్లేఆఫ్స్ (లీగ్ మ్యాచులు అయ్యాక టైటిల్ కోసం ఆడేవి), ఆల్ స్టార్ మ్యాచ్ (పేరున్నవాళ్ళతో ఆడించే ప్రదర్శన మ్యాచ్), కమిషనర్స్ కప్ ఫైనల్ (సీజన్ మధ్యలో వచ్చే వేరే కప్పు), ఒలింపిక్స్. వీటిని కలిపితే లెక్క చెడుతుంది. "ఆల్ టైమ్ టాప్ స్కోరర్" అని ఎక్కడ చదివినా మామూలుగా అది లీగ్ మ్యాచుల లెక్క మాత్రమే. డయానా టొరాసీ పేరు పక్కన ఉండే 10,646 కూడా అదే. కమిషనర్స్ కప్ ఫైనల్లో కొట్టిన పాయింట్లు సీజన్ లెక్కలోకి రావు. ఆల్ స్టార్‌ని అసలు వేరే పుస్తకంలో రాసినా తప్పులేదు. 2025 ఆల్ స్టార్‌లో నఫీసా కాలియర్ 36 పాయింట్లు కొట్టి, అంతకుముందు ఏడాది అరికే ఒగున్‌బోవాలే పెట్టిన 34 రికార్డుని దాటింది. చూడటానికి ఎంతో బాగుంది. కానీ ఆ మ్యాచ్‌లో దూరం నుంచి వేసే నాలుగు పాయింట్ల షాట్ కూడా పెట్టారు. లీగ్‌లో లేని షాట్‌తో వచ్చిన అంకెని లీగ్ అంకె పక్కన ఎలా రాస్తాం?

మా పుస్తకంలో మూడు భాగాలు చేశాం. ఒక్క మ్యాచ్ రికార్డులు, ఒక్క సీజన్ రికార్డులు, మొత్తం కెరీర్ రికార్డులు. ప్లేఆఫ్స్‌కి వెనక నుంచి పేజీలు. అంతే, ఇంకేం వద్దు.

53ని విప్పి చూడటం

ఒక్క మ్యాచ్‌లో అత్యధిక పాయింట్లు 53. ఆ అంకె మీద ఇద్దరు ఉన్నారు. 2018 జులై 17న డాలస్ వింగ్స్ తరఫున న్యూయార్క్ లిబర్టీ మీద లిజ్ కాంబేజ్. 2023 ఆగస్టు 22న లాస్ వేగాస్ ఏసెస్ తరఫున అట్లాంటా డ్రీమ్ మీద అయ్‌జా విల్సన్. అంతకుముందు 2013లో రిక్వానా విలియమ్స్ కొట్టిన 51 ఉండేది.

రెండు 53లూ ఒకటేనా? దీనికి బాక్స్ స్కోర్, అంటే మ్యాచ్ లెక్కల పట్టిక, తెరవాలి. లీగ్ వెబ్‌సైటులో ప్రతి మ్యాచ్‌కీ ఉంటుంది. అందులో మనకి కావలసినవి మూడే గడులు. ఎఫ్‌జీ అంటే ఆట నడుస్తుండగా వేసిన బాస్కెట్లు, 3పీటీ అంటే మూడు పాయింట్ల గీత బయటి నుంచి వేసిన త్రీలు, ఎఫ్‌టీ అంటే ఫ్రీ త్రోలు, ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డురాకుండా వేసే ఒక్కో పాయింటు షాట్లు. ప్రతి గడిలో రెండు అంకెలుంటాయి: ఎన్ని పడ్డాయి, ఎన్ని వేసింది.

నేను మొదటిసారి తప్పింది ఇక్కడే. కాంబేజ్ ఆ రోజు 22 షాట్లు వేస్తే 17 పడ్డాయి. త్రీలు 5 వేస్తే 4. ఫ్రీ త్రోలు 16 వేస్తే 15. నేను 17ని రెండుతో హెచ్చించి 34 రాసుకున్నాను. నాలుగు త్రీలకి 12 వేశాను. ఫ్రీ త్రోలు 15 కలిపాను. 61 వచ్చింది! రెండుసార్లు కూడినా 61. ఆఫీసులో ట్యాలీ కాకపోతే ఎలా టెన్షన్ పడతానో అలాగే పడ్డాను. తర్వాత అర్థమైంది. ఎఫ్‌జీ గడిలోని 17లోనే ఆ నాలుగు త్రీలూ ఉన్నాయి. వాటికి రెండేసి పాయింట్లు అప్పటికే పడిపోయాయి. మిగిలింది త్రీకి ఒక్కొక్క పాయింటే. కాబట్టి 34, 4, 15. మొత్తం 53. సరిపోయింది.

ఇది గుర్తుపెట్టుకోండి: పడిన బాస్కెట్లు ఇంటూ రెండు, దానికి పడిన త్రీలు, దానికి పడిన ఫ్రీ త్రోలు. విల్సన్‌ది చూద్దాం. 23లో 16 బాస్కెట్లు, అందులో ఒక త్రీ, ఫ్రీ త్రోలు 21లో 20. అంటే 32, 1, 20. మళ్ళీ 53.

ఇప్పుడు రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూడండి, ఆట కళ్ళ ముందు కదులుతుంది. కాంబేజ్ ఎత్తు ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. బుట్ట కింద నిలబడితే ఆపడం కష్టం, పైగా ఆ రోజు దూరం నుంచి కూడా నాలుగు వేసింది. విల్సన్‌ది ఇంకో దారి. పాయింట్లలో 20 ఫ్రీ త్రో గీత దగ్గరే వచ్చాయి. అట్లాంటా వాళ్ళు ఫౌల్ చేయకుండా ఆమెని ఆపలేకపోయారు. ఇరవై ఒక్కసార్లు ఆ గీత దగ్గర నిలబడి, ఒక్కటి మాత్రం పోగొట్టుకోవడం ఎంత నిబ్బరమో ఫ్రీ త్రో వేసినవాళ్ళకి తెలుస్తుంది. అలసిన కాళ్ళతో, అరుస్తున్న జనం మధ్య.

ఇంకొక్క మెట్టు ఎక్కితే, ఎంత పొదుపుగా కొట్టారో కూడా చెప్పొచ్చు. దీన్ని ట్రూ షూటింగ్ అంటారు. ఫ్రీ త్రోల సంఖ్యని 0.44తో హెచ్చించి, వేసిన షాట్లకి కలపాలి. వచ్చినదాన్ని రెండింతలు చేయాలి. పాయింట్లని దాంతో భాగించాలి. 0.44 ఎందుకంటే, ఫ్రీ త్రోలు ఎక్కువగా రెండేసి వస్తాయి కాబట్టి ఒక్కోదాన్ని పూర్తి అవకాశంగా లెక్కపెట్టకూడదు. బాస్కెట్ పడ్డాక అదనంగా ఇచ్చే ఒక్క ఫ్రీ త్రో కూడా ఉంటుంది కాబట్టి సగానికి కాస్త తగ్గింది. కాంబేజ్‌కి 22కి 7.04 కలిపితే 29.04, రెండింతలు 58.08. దాంతో 53ని భాగిస్తే 91 శాతం పైన. విల్సన్‌కి 23కి 9.24 కలిపితే 32.24, రెండింతలు 64.48. భాగిస్తే 82 శాతం. రెండూ మామూలు మనుషులు చేరే అంకెలు కావు. అయినా పొదుపులో కాంబేజ్ రాత్రే గొప్పదని మా పుస్తకంలో ఎర్ర చుక్క పెట్టాం.

మగవాళ్ళ లీగ్ ఎన్‌బీఏ చూసేవాళ్ళు 53 అంటే పెదవి విరుస్తారు. వాళ్ళ మ్యాచ్ 48 నిమిషాలు, ఇది 40 నిమిషాలు అని చెప్పండి.

సీజన్ పేజీలో మ్యాచుల గడి

సీజన్ రికార్డులు రాసేటప్పుడు పాయింట్ల గడి కంటే ముందు మ్యాచుల గడి గీయండి. లీగ్ 1997 జూన్ 21న మొదలైంది. ఆ ఏడాది ఒక్కో జట్టుకి 28 మ్యాచులే. మరుసటి ఏడు 30. 1999 నుంచి 2002 దాకా 32. 2003 నుంచి 2019 దాకా చాలాకాలం 34. కోవిడ్ ఏడాది 2020లో 22. 2021లో 32, 2022లో 36, తర్వాత రెండేళ్ళు 40, 2025లో 44. ఈ వరసని నోట్‌బుక్కు అట్ట లోపల అతికించుకోండి. మాది అక్కడే ఉంది, మాటిమాటికీ చూసి చూసి మూలలు నలిగిపోయాయి.

ఇప్పుడు మూడు పేర్లు. టొరాసీ, 2006, ఫీనిక్స్ మెర్క్యురీ: 34 మ్యాచుల్లో 860. జ్యువెల్ లాయిడ్, 2023, సియాటిల్ స్టార్మ్: 38 మ్యాచుల్లో 939. అయ్‌జా విల్సన్, 2024: 38 మ్యాచుల్లో 1,021. ఒక సీజన్‌లో వెయ్యి దాటిన మొదటి అమ్మాయి విల్సనే. భాగిస్తే టొరాసీకి 25.3, లాయిడ్‌కి 24.7, విల్సన్‌కి 26.9. అంటే లాయిడ్ మొత్తంలో టొరాసీని దాటింది కానీ సగటులో దాటలేదు. విల్సన్ మొత్తంలోనూ సగటులోనూ ఇద్దరినీ దాటింది. అందుకే 2024లో విల్సన్ ఆడిన ఆటని నేను అందరికంటే పైన పెడతాను. సీజన్ పొడవు పెరిగింది కాబట్టే వచ్చిందని ఎవరూ అనలేని రికార్డు అది.

ఇక్కడ ఒక కోరిక పుడుతుంది. టొరాసీ కూడా 40 మ్యాచులు ఆడి ఉంటే? 25.3 చొప్పున వెయ్యి దాటేది కదా? మా పిల్ల అలాగే లెక్కేసి పేజీలో రాయబోయింది. వద్దన్నాను. ఆడని మ్యాచ్ పాయింట్లు ఎవరి ఖాతాలోనూ జమ చేయకూడదు. సగటు వేరే గడిలో ఉంది కదా, అది చాలు.

కానీ ఆ 2006 పక్కన ఒక మాట మాత్రం తప్పక రాయాలి. ఆ ఏడాదే ఆట రూపం మారింది. అంతకుముందు ఇరవై నిమిషాల రెండు హాఫ్‌లు ఉండేవి, అప్పటి నుంచి పది నిమిషాల నాలుగు క్వార్టర్లు. షాట్ క్లాక్ 30 సెకన్ల నుంచి 24కి తగ్గింది. బంతి చేతికి వచ్చాక షాట్ వేయడానికి ఆరు సెకన్లు తగ్గాయంటే, అదే నలభై నిమిషాల్లో ఎక్కువ షాట్లు వేయడం కుదురుతుంది. ఫీనిక్స్‌కి అప్పుడే కోచ్‌గా వచ్చిన పాల్ వెస్ట్‌హెడ్ పరుగో పరుగు ఆట ఆడించేవాడు. అదే ఏడాది ఆగస్టులో హ్యూస్టన్ మీద టొరాసీ 47 పాయింట్లు కొట్టిన మ్యాచ్ మూడు ఓవర్‌టైమ్‌ల దాకా వెళ్ళింది, అంటే స్కోరు సమమై మూడుసార్లు అదనపు సమయం ఆడారు. అందుకే ఒక్క మ్యాచ్ పేజీలో నిమిషాల గడి ఉండాలంటాను.

త్రీ గీత కూడా జరుగుతూ వచ్చింది. మొదట బుట్టకి దాదాపు 6.02 మీటర్లు. 2004లో 6.25 అయింది. 2013లో 6.75, ఇదే అంతర్జాతీయ కొలత. మన కోర్టుల్లోనూ కొత్తగా గీసిన గీత ఇదే. త్రీల రికార్డు ఏది రాసినా పక్కన ఆ ఏడాది గీత ఎక్కడుందో చిన్న అక్షరాలతో రాయండి. టొరాసీ కొట్టిన 1,447 త్రీలలో మొదటివి 6.25 నుంచి, తర్వాతివి 6.75 నుంచి. గీత వెనక్కి జరిగినా ఆమె చేయి ఆగలేదు.

కెరీర్ పేజీ, నాకు ఇష్టమైన పేజీ

ఇది రాసేటప్పుడు నిదానంగా రాయండి. మొత్తం పాయింట్ల వరసలో టొరాసీ పైన ఉంది, 565 మ్యాచుల్లో 10,646. ఇరవై సీజన్లు. 2015లో అసలు ఆడలేదు, ఆమె ఆడే రష్యా క్లబ్బు ఆ వేసవి విశ్రాంతి తీసుకోమని డబ్బిచ్చింది. 2017లో టీనా థామ్సన్ 7,488ని దాటింది. 2023 ఆగస్టు 3న పదివేలు దాటిన రాత్రి 42 పాయింట్లు కొట్టింది, అప్పటికి ఆమె వయసు 41. ఈ రికార్డు ఓపికది. మోకాళ్ళూ నడుమూ సహకరించాలి, ఏటేటా జట్టులో చోటు నిలబెట్టుకోవాలి.

ఆ జాబితాలో కిందికి, చాలా కిందికి వెళితే సింథియా కూపర్ 2,601 పాయింట్లతో కనిపిస్తుంది. కొత్తగా చూసేవాళ్ళు ఆ పేరు దాటేస్తారు. దాటకండి. కూపర్ కాలేజీ అయిపోయేనాటికి అమెరికాలో ఆడవాళ్ళకి ఈ లీగ్ లేదు. స్పెయిన్‌కి, ఇటలీకి వెళ్ళి పదేళ్ళు ఆడింది. 1997లో లీగ్ పెట్టేసరికి ఆమెకి 34 ఏళ్ళు. ఆ వయసులో వచ్చి మొదటి మూడేళ్ళూ లీగ్ టాప్ స్కోరర్ అయింది: 22.2, 22.7, 22.1. హ్యూస్టన్ కామెట్స్ మొదటి నాలుగు టైటిళ్ళూ గెలిచింది, నాలుగు ఫైనల్స్‌లోనూ ఉత్తమ క్రీడాకారిణి కూపరే. 124 మ్యాచులు, సగటు 21.

అందుకే కెరీర్ పేజీలో మొత్తం, సగటుతో పాటు ఇంకో గడి పెట్టాం: లీగ్‌లో అడుగుపెట్టినప్పటి వయసు. టొరాసీ 21, కూపర్ 34. ఆ రెండు అంకెల మధ్య పదమూడేళ్ళున్నాయి. ఒకరికి లీగ్ సిద్ధంగా ఉంది, ఇంకొకరు లీగ్ కోసం ఎదురుచూశారు. మా పిల్ల ఆ గడి నింపుతూ ఏమీ మాట్లాడలేదు, కూపర్ పేరు కింద మాత్రం రెండు గీతలు గీసింది.

ఇలాంటిదే మన దక్షిణాదిలోనూ ఉంది. చెన్నైలో సదరన్ రైల్వేకి ఆడిన గీతూ అన్నా జోస్ ఆస్ట్రేలియాలో క్లబ్బు బాస్కెట్‌బాల్ ఆడి వచ్చింది, 2011లో డబ్ల్యూఎన్‌బీఏ జట్ల ట్రయల్స్‌కి వెళ్ళింది. ఆమెకి మా పుస్తకం చివర ఒక పేజీ ఇచ్చాం.

షాట్లు బాగా వేసేవాళ్ళకి ఇంకో చిన్న జాబితా పెట్టుకోవచ్చు. సీజన్ మొత్తంలో బాస్కెట్లు 50 శాతం, త్రీలు 40, ఫ్రీ త్రోలు 90 దాటడం చాలా అరుదు. 2019లో ఎలెనా డెలె డాన్ మొదట దాటింది, ఆ ఏడాది ఆమె ఫ్రీ త్రోలు 97 శాతం పైన. 2025లో కాలియర్ దాటింది. పాస్‌లకి ఒక పేజీ చాలు: సూ బర్డ్ కెరీర్‌లో 3,234 అసిస్టులు (బాస్కెట్‌కి దారితీసిన పాస్‌లు), క్లార్క్ 2024లో ఒక్క సీజన్‌లో 337. ఇంకొకరి చేత బాస్కెట్ వేయించడం కూడా స్కోరింగే అని నా నమ్మకం.

మీ కోర్టులో మొదలుపెట్టండి

2017 జులైలో కబ్బన్ పార్క్ దగ్గర కంఠీరవ ఇండోర్ స్టేడియంలో మహిళల ఆసియా కప్ బి డివిజన్ ఫైనల్ చూశాను. కజకిస్తాన్ మీద 75–73తో మన అమ్మాయిలు గెలిచి ఎ డివిజన్‌కి వెళ్ళారు. గొంతు పోయేదాకా అరిచాను. కానీ చేతిలో పుస్తకం లేదు. ఆఖరి నిమిషాల్లో ఎవరు ఎన్ని వేశారో, ఎన్ని పడ్డాయో నా దగ్గర లేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే దూరపు లీగ్ రికార్డులతో పాటు మీ పిల్లల మ్యాచులు కూడా రాయమంటాను.

అధికారిక స్కోర్ షీట్ పద్ధతి నేర్చుకోవడం అరగంట పని. షీట్‌లో ఒకటి నుంచి పైకి అంకెలు ముద్రించి ఉంటాయి. బాస్కెట్ పడితే, జట్టు స్కోరు ఎక్కడికి చేరిందో ఆ అంకె మీద ఏటవాలు గీత, పక్కన ఆ బాస్కెట్ వేసిన అమ్మాయి జెర్సీ నంబరు. త్రీ అయితే ఆ నంబరు చుట్టూ సున్నా చుట్టాలి. ఫ్రీ త్రో పడితే అంకె మీద నింపిన చుక్క. మొదటి, మూడో క్వార్టర్లు ఎర్ర పెన్నుతో, రెండు, నాలుగు నీలం లేదా నలుపు పెన్నుతో. మా సోఫా మీద రెండు పెన్నులు ఉండేది ఇందుకే. తప్పు పడితే వైట్‌నర్ పూయకండి, ఒక గీత కొట్టి పక్కన సరిగ్గా రాయండి. ఏం దిద్దారో తర్వాత చూసేవాళ్ళకి తెలియాలి.

ఈ షీట్‌లో ఒక లోటుంది. పోయిన షాట్లు ఇందులో రావు. వాటికి మీ నోట్‌బుక్కు కావాలి. ప్రతి అమ్మాయికి ఒక వరస, షాట్ వేసిన ప్రతిసారీ ఒక నిలువు గీత, పడితే ఆ గీతని అడ్డంగా కొట్టడం. ఒక మనిషి షీట్ చూస్తే ఇంకో మనిషి దీన్ని చూడాలి. ఇద్దరి పనీ ఒకరే చేయబోతే రెండూ చెడతాయి, నేను చేసి చూశాను.

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ వాళ్ళకీ పక్క లేఅవుట్ వాళ్ళకీ మ్యాచ్ జరిగింది. మా అక్క కూతురు 16 పాయింట్లు కొట్టింది, జట్టులో అందరికంటే ఎక్కువ. కప్పు ఇచ్చేటప్పుడు అందరూ దాని పేరే పిలిచారు. ఇంటికొచ్చి స్నానం కూడా చేయకుండా నోట్‌బుక్కు తెరిచింది. 17 షాట్లు వేస్తే 6 పడ్డాయి, అందులో ఒక త్రీ, ఫ్రీ త్రోలు 4లో 3. ట్రూ షూటింగ్ 43 శాతం. దాని పక్క వరసలో ఎనిమిదో తరగతి పిల్ల, 10 పాయింట్లు. 6 షాట్లలో 4, ఫ్రీ త్రోలు రెండుకి రెండు. 73 శాతం.

చాలాసేపు ఆ రెండు వరసలూ చూసింది. "పిన్నీ, ఆ పిల్ల కుడివైపు మూల ఎప్పుడూ ఖాళీగా ఉండేది. నేనే బంతి ఇవ్వలేదు" అంది. మరుసటి ఆదివారం మ్యాచ్‌లో ఆ మూలకి తొమ్మిది పాస్‌లు వెళ్ళాయి. నేను లెక్కపెట్టాను, ఎర్ర పెన్నుతో నాలుగు, నీలంతో అయిదు.